దర్జీగారి వాటాలో మరక

ఆ మేడ మీద చివరి వాటా పేరెత్తితే చాలు, మెట్ల మీద అల్లరి చేసే పిల్లలు కూడా గొంతు తగ్గించేవాళ్లట.

అందులో ఒంటరిగా ఉండే దర్జీ ఒకాయన ఓ రాత్రి కుట్టుమిషను పక్కనే కూలబడి పోయాడు. పోయిన సంగతి ఎవరికీ తెలీలేదు. వాసన మెట్లు దిగి కిందికొచ్చాక తెలిసింది. ఆయన్ని తీసుకెళ్లారు, సామానంతా తీసేశారు, నేల కడిగించారు. అన్నీ పోయాయి గానీ... ఆయన పడ్డచోట నెత్తుటి మరక ఒక్కటి పోలేదు. రాత్రి తుడిస్తే, తెల్లారేసరికి మళ్లీ అక్కడే — అదే చోట, అంతే మరక.

తుడవడానికి వెళ్లినవాళ్లలో ఒకడు బకెట్టు అక్కడే పారేసి వచ్చి పళ్ల బండి పెట్టుకున్నాడు. ఇంకొకడైతే, ఏం జరిగిందిరా అంటే నీళ్లు నములుతాడు. గుచ్చి గుచ్చి అడిగితే, "లోపల ఎవరో పలికారు" అని మాత్రం అన్నాడట.

అప్పుడు పంపారు ఫినాయిల్ మామయ్యని.

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చావు జరిగిన ఇళ్లు శుభ్రం చెయ్యడం ఆయన పని. ఆ వ్యాపారం మేనల్లుడిది. వాడు మామయ్యా అంటాడు కాబట్టి పనివాళ్లందరికీ ఆయన మామయ్యే. చూడని దరిద్రం లేదు. నెల్లాళ్లు ఆగిపోయిన ఫ్రిజ్జు తెరిచినవాడికి నరకమంటే భయం పోతుందనేవాడు. పోయినవాళ్లే నయమనీ, బతికున్నవాళ్లు తడినేల మీద చెప్పులతో నడుస్తారనీ విసుక్కునేవాడు.

అయితే ఆ పరాచికాలన్నీ పనిలోనే. ఇంటికెళ్తే మాట్లాడే దిక్కు లేదు. భార్య పోయినప్పటినుంచీ మనిషి మాటకి మొహం వాచిపోయాడు. సొంత ఇంట్లో ఫ్యాను చూస్తూ పడుకోవడం కన్నా ఎవరింట్లోనో నెత్తురు కడుక్కోవడమే హాయిగా ఉండేది, పాపం.

ఆ పనికి కొన్ని పద్ధతులున్నాయి. ముక్కు కింద ఘాటు మందు దట్టంగా పూసుకోవాలి, పైన గుడ్డ కట్టుకోవాలి. నెత్తురైతే చన్నీళ్లే పొయ్యాలి; వేన్నీళ్లు పోస్తే ఉడికి నేలకి పట్టేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, చేసే పనల్లా పోయినవాళ్లకి పైకి చెప్పి మరీ చెయ్యాలి. ఇల్లు వాళ్లది, మనం పైవాళ్లం. చెప్పకుండా తాకితే ఉలిక్కిపడతారని ఆ పనివాళ్ల నమ్మకం.

పగలు ఆ బకెట్లు చూస్తే మిగతా వాటాల వాళ్లు గొడవ చేస్తారని రాత్రే వెళ్లాడు. బల్బు ఒక్కటి వెలుగుతోంది. గది బోసిగా ఉంది. మధ్యలో మరక, ఎండి నల్లబడి.

"దర్జీగారూ, వచ్చానండీ. ముందు నీళ్లు చల్లుతున్నాను."

చల్లాడు. బ్రష్షు పెట్టి రుద్దాడు. గుడ్డ పిండాడు. ప్రతిదీ చెప్పి చేస్తున్నాడు. మరక కరిగింది, నేల తేలింది. హమ్మయ్య అనుకుని నడుం పట్టుకుని లేచాడు...

"ఆ మూల... వదిలేశావు."

పై ప్రాణాలు పైనే పోయాయి. గుసగుస — ఆడగొంతో మగగొంతో చెప్పలేం. గోడలోంచి వచ్చినట్టూ ఉంది, చెవి పక్కనే అన్నట్టూ ఉంది. తలుపు వైపు అడుగు పడింది కూడా. కానీ తల తిప్పి చూస్తే — నిజమే, మూల వదిలేశాడు.

వణుకుతూనే వెళ్లి తుడిచాడు.

ఇంటికొచ్చి పడుకున్నాక భయం మెల్లగా దిగింది. దాని కింద ఇంకేదో మిగిలింది. తనకి వంక పెట్టే మనిషి లేక ఎన్నాళ్లయింది! భార్య ఉన్నన్నాళ్లూ ఆయన ఏ పని చేసినా ఏదో మూల వదిలేశాడనే అనేది. ఆ రాత్రి ఆయనకి ఒళ్లెరగని నిద్ర పట్టింది.

పొద్దున్నే మేనల్లుడు ఫోన్ చేశాడు. మరక మళ్లీ వచ్చిందట. ఇంటి ఓనరు చిందులు తొక్కుతున్నాడట. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు, మెత్తగానే అన్నాడు.

"మామయ్యా, నీకు చూపు ఆనట్లేదేమో. ఇంకొక్కసారి చూద్దాం. అప్పటికీ పోకపోతే పని మానేసి హాయిగా ఇంట్లో కూర్చో. నెలనెలా నేను పంపిస్తాగా."

హాయిగా ఇంట్లో... ఆ మాటకి మామయ్య గుండె జారిపోయింది. దెయ్యానికి కూడా అంత భయపడలేదు ఆయన.

ఆ రాత్రి మళ్లీ వెళ్లాడు. చన్నీళ్లు, బ్రష్షు, గుడ్డ. ఈసారి ప్రతి మూలా ముందే చెప్పి తుడిచాడు. చెవులు రిక్కించుకునే ఉన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. బకెట్టులో గుడ్డ పిండుతుంటే —

"తిన్నావా?"

చెయ్యి ఆగిపోయింది. అయినా సరే, జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు.

"లేదండీ... ఒక్కడి కోసం ఏం వండుకుంటాం."

ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గేసింది.

నేల అద్దంలా చేశాడు. లైటు ఆర్పి, వెళ్లిపోతున్నట్టు తలుపు గట్టిగా వేశాడు — వేసి, లోపలే గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఆ మరక ఎలా వస్తుందో కళ్లారా చూస్తేగానీ తన పని నిలబడదు.

చీకటి. ఎక్కడో కుళాయి చుక్క పడుతోంది. కూర్చున్నాడు... కూర్చున్నాడు... కాళ్లు తిమ్మిరెక్కాయి.

కిర్రుమంది.

వెనక బాల్కనీ తలుపు. దాని గడియ ఎప్పుడో ఊడిపోయిందని అప్పుడు తెలిసింది. తెల్లటి ఆకారమొకటి వంగి వంగి లోపలికొచ్చింది. గది మధ్యకొచ్చి ఆగింది. చేతిలో గిన్నె... గిన్నె వంచింది. చిక్కగా, నల్లగా జారింది నేల మీదికి.

లేచి, తడుముకుని లైటు వేశాడు.

నైటీలో ముసలావిడ! పక్క వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ. బాల్కనీల మధ్య గోడ మోకాలెత్తు కూడా లేదు. గిన్నె పట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా బిక్కమొహం వేసింది.

మామయ్య మూతికున్న గుడ్డ లాగేశాడు, ముక్కు కింద మందు తుడుచుకున్నాడు, వంగి వాసన చూశాడు. టీ డికాక్షను! అందులో తుప్పునీళ్లు కలిపినట్టుంది. ఇన్నాళ్లూ ఇంతమంది పనివాళ్లు ముక్కులు మూసుకుని, నెత్తురే అనుకుని చన్నీళ్లతో తోమారన్నమాట. ఎవ్వరూ వాసన చూసిన పాపాన పోలేదు.

ఒంట్లో భయమంతా దిగిపోయి నవ్వొచ్చేసింది ఆయనకి. నెత్తురు ఇంత చిక్కగా ఉండదనీ, ఈసారి కాస్త పలచగా కాచమనీ ఆవిడకి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. తలొంచుకుని నిలబడింది. ఆ నిలబడ్డ తీరు చూసి ఆయనకే జాలేసి గొంతు తగ్గించాడు.

"ఎందుకమ్మా ఇదంతా? మాట కావాలంటే తలుపు కొట్టి మాట్లాడొచ్చుగా. గోడ వెనకనుంచి తిన్నావా అని గుసగుసలాడితే నేను హడలిచచ్చాను."

ఆవిడ తలెత్తింది.

"నేనెప్పుడు మాట్లాడాను బాబూ?"

"మరి..."

"మాట్లాడేది ఆయనే కదా."

ఆవిడ గిన్నె కింద పెట్టి మెల్లగా చెప్పుకొచ్చింది. ఆవిడా దర్జీగారూ ఎన్నో ఏళ్లు పక్కపక్కనే ఉన్నారట. మెట్ల మీద ఎదురైతే ఆయన పక్కకి తప్పుకునేవాడు, ఆవిడ తల వంచుకునేది. అంతే, ఒక్కనాడు పలకరించుకున్నది లేదు. ఆయన పోయాక, మొదటి పనివాడు వచ్చి తుడుస్తుంటే గోడ అవతల ఆయన గొంతు వినబడింది. పనివాడు వెళ్లిపోతే ఆగిపోయింది. ఎవరైనా వచ్చి చెప్పి మరీ తుడుస్తుంటేనే ఆయన పలుకుతాడు. అందుకని మరక పోసింది... మళ్లీ పోసింది. గోడకి చెవి ఆనించుకుని వినేది. విన్న రాత్రి నిద్రపట్టేది.

"నేనూ ఒకసారి బకెట్టు తెచ్చి తుడిచాను. ఏ మూలా వదల్లేదు. నాతో ఒక్క మాటా అనలేదు."

ఇక ఆయనకీ చెప్పక తప్పదు. తెల్లారేసరికి ఈ మరక కనిపిస్తే తన పని పోతుందనీ, పని పోతే ఆ ఇంట్లో గోడల మధ్య తానూ ఇలాగే అయిపోతాననీ దాచకుండా చెప్పేశాడు. ఆవిడ గిన్నెని కాలితో పక్కకి జరిపింది.

"అయితే తుడిచెయ్ బాబూ. ఇంక పొయ్యను."

"మీరిక్కడే ఉండండమ్మా."

గోడ పట్టుకుని నిలబడింది ఆవిడ. ఆయన వంగి బ్రష్షు తీసుకున్నాడు.

"దర్జీగారూ... ఇదే ఆఖరుసారండీ. మొదలుపెడుతున్నాను."

రుద్దాడు. గుడ్డ పిండాడు. ఏమీ లేదు. మరక సగం పోయింది... అంతా పోయింది. ఆవిడ కాళ్లు సన్నగా వణుకుతున్నాయి. కొంగు లేక, చేత్తోనే కళ్లు ఒత్తుకుని, ఇక వెళ్లిపోదామని బాల్కనీ వైపు తిరిగింది.

అప్పుడు వచ్చింది గుసగుస. గోడలోంచి కాదు — ఇద్దరి మధ్యనుంచి.

"ఎంతసేపు నిలబెడతావు ఆవిణ్ణి... కుర్చీ వెయ్యి."

గదిలో కుర్చీ లేదు. మామయ్య బకెట్టు ఒంపేసి, బోర్లించి, దాని మీద తడి తుడిచాడు. ఆవిడ వచ్చి కూర్చుంది.