ఆకుపచ్చ గడప

కొల్లి సింహాద్రి చెప్పులు విప్పి, ఛాతీ విరుచుకుని గడప దాటాడు. రెండు తెల్లటి స్తంభాల మధ్య సన్నటి చప్పుడేదో అయి, పైన దీపం ఆకుపచ్చగా వెలిగింది. వరండాలో బెంచీల మీద కూర్చున్న జనం హమ్మయ్య అన్నట్టు కదిలారు.

"ఏం బాధ సింహాద్రీ?" అని అడిగింది డాక్టర్ వైజయంతి.

"ఏదో నలతగా ఉందమ్మా," అన్నాడు సింహాద్రి. అంటూనే నవ్వేశాడు. రోజూ సముద్రంలోకి పడవ నెట్టే మనిషి. ఈ ఆస్పత్రిలో ఎప్పుడూ అడుగు పెట్టినవాడు కాదు. వైజయంతి స్టెతస్కోపు పెట్టి చూసింది. రాయడానికి ఏ మందూ తోచక, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపేసింది.

మూడు రోజులుగా ఇదే వరస. వచ్చినవాళ్ళందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. డాక్టరుకి ఇంతకంటే పండగ ఏముంటుంది? కానీ వైజయంతికి నిన్నటి నుంచీ అన్నం సహించడం లేదు.

ఇక్కడ ఈ గడప సంగతి కాస్త చెప్పుకోవాలి. ఏ ఊరి ఆస్పత్రిలో వైద్యం బాగుందో, ఎక్కడ బాగాలేదో తెలుసుకోవడం ఎలాగన్నది ప్రభుత్వానికి ఎప్పటి నుంచో ఉన్న తలనొప్పి. రోగుల్ని అడిగి చూశారు. మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది! డాక్టరు ఎదురుగా ఉంటే దేవుడంటారు, వీధి మలుపు తిరిగాక యముడంటారు. అప్పుడు విక్రాంత్ అనే శాస్త్రవేత్త ఈ యంత్రాన్ని తయారుచేశాడు. చూడ్డానికి ఉత్త ద్వారబంధం. మనిషి దాని కిందుగా నడిచేంతలో స్తంభాల్లోని రాడార్ గుండె వేగాన్నీ ఊపిరినీ లెక్కపెడుతుంది. కెమెరాలు ఒంటి రంగునీ నడకనీ చూస్తాయి. సెన్సర్ ఊపిరిని వాసన చూసి షుగర్ ఎంత ఉందో, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో పసిగడుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, అటూ ఇటూగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. డాక్టరు మంచివాడైతే ఊరు ఆరోగ్యంగా ఉంటుంది, ఊరు ఆరోగ్యంగా ఉంటే దీపం ఆకుపచ్చగా ఉంటుంది. విక్రాంత్ లెక్క అంతే. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

మార్కులు తక్కువ వచ్చిన ఆస్పత్రిని మూసేసి, ఆ ఊరివాళ్ళని టౌన్లో పెద్దాస్పత్రికి పొమ్మంటారు. పక్క ఊళ్ళలో అదే జరిగింది. ఈ నల్లరేవు జనానికి టౌన్ అంటే ఏరు దాటి, బస్సు దొరికితే బస్సెక్కి, అక్కడ మళ్ళీ పొద్దంతా క్యూలో నిలబడడం. అందుకే యంత్రం దిగిన రోజున ఆడవాళ్ళు దానికి కూడా గుమ్మానికి రాసినట్టు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. సెన్సర్లోకి పసుపు వెళ్ళి, విక్రాంత్ ఒక పూటంతా బ్రష్షు పట్టుకుని తుడుచుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఆయన మూల కుర్చీలో కూర్చుని ట్యాబ్ వంక ముచ్చటగా చూసుకుంటున్నాడు.

"మేడమ్, ఇలాంటి ఊరు నేనెక్కడా చూడలేదు. ఇంకో గంటలో పరీక్ష పూర్తవుతుంది. రాష్ట్రంలో మీదే మొదటి స్థానం కావచ్చు."

"మా ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళే లేరంటుందా మీ యంత్రం?"

"వచ్చినవాళ్ళలో లేరు."

"మరి రానివాళ్ళు?"

"రానివాళ్ళని గడప ఎలా చూస్తుందండీ?" అన్నాడు విక్రాంత్ అమాయకంగా.

ఆ మాటతో వైజయంతికి మళ్ళీ జాలరి గురువులు గుర్తొచ్చాడు. షుగర్ మనిషి. పడవ మేకు గుచ్చుకుని కుడి పాదం పుండు పడింది. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి, ఒక్కటి తప్పినా ప్రాణం మీదికొస్తుందని తిట్టి మరీ చెప్పింది. పరీక్ష మొదలైనప్పటి నుంచీ అతను ఇటువైపు రాలేదు.

"నర్సమ్మా!" అని కేకేసింది.

అప్పలనర్సమ్మ ఆస్పత్రి నర్సు. ఊళ్ళో కుర్రకారులో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. వరండాలోంచి ట్రే పట్టుకుని వస్తున్నదల్లా ఆ పిలుపుకి సరిగ్గా గడప కిందే ఆగింది.

"గురువులు ఏడీ?"

"మొన్ననే సెప్పాను కదమ్మా. కూతురింటికి ఎల్లిపోనాడు. కట్టు అక్కడే కట్టించుకుంతాడట."

దీపం పసుపు రంగులోకి మారింది. వైజయంతి ఆవిడ ముఖంలోంచి దీపం మీదికి చూపు తిప్పింది.

"పుండు ఎలా ఉందిట?"

"బాగానే... తగ్గిపోనాదటమ్మా."

దీపం ఎర్రగా వెలిగింది. మూడు రోజుల్లో అదే మొదటి ఎరుపు. నర్సమ్మ తలెత్తి చూసింది.

విక్రాంత్ కంగారుగా లేచాడు. "సిబ్బందిని లెక్కలోకి తీసుకోదులెండి, ఫరవాలేదు. కానీ ఈవిడ గుండె ఇంత వేగంగా..."

"ఆవిడ గుండెకేమీ కాలేదు," అంది వైజయంతి. "నర్సమ్మా, నిజం చెప్పు. గురువులు ఎక్కడున్నాడు?"

నర్సమ్మ ట్రే పక్కన పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీ కోసమే కదమ్మా! ఎర్రగా ఎలిగితే ఆస్పత్రి మూసీసి, మిమ్మల్ని అంపించేత్తారన్నారు. జొరమొచ్చినోల్లని, దగ్గోల్లని ఇంటికాడే ఉండమన్నాం. గట్టోల్లని ఏరి ఇక్కడికి అంపినాం. మూడ్రోజులే కదా అనుకున్నాం. గురువులు ఇంట్లోనే ఉన్నాడమ్మా."

వైజయంతికి ఒళ్ళు మండింది. ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత ప్రేమ పెట్టుకుని ఇంత పని చేస్తారా మనుషులు? మందుల పెట్టె తీసుకుని పరుగులాంటి నడకతో వీధిలో పడింది. విక్రాంత్ కూడా కూర్చోబుద్ధి కాక ఆవిడ వెనకాలే వెళ్ళాడు.

గురువులు ఇంట్లో తలుపు తీయగానే వాసన కొట్టింది. వెనక గదిలో చాప మీద అతను గజగజ వణుకుతున్నాడు. పాదం నల్లబడి, వాపు పిక్క దాకా పాకింది. పక్కన భార్య పైడితల్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

అలికిడికి గురువులు కళ్ళు తెరిచాడు. "డాక్టరమ్మగోరా? బాగానే ఉన్నానమ్మా. మీ సేతి సలవ."

"నోరు మూసుకో గురువులూ!" అని అరిచి వైజయంతి నాడి పట్టుకుంది. అందీ అందకుండా కొట్టుకుంటోంది. విషం రక్తంలోకి ఎక్కేసింది. టౌన్ నుంచి అంబులెన్స్ వచ్చేలోపు నరంలోకి మందు ఎక్కించాలి, లేకపోతే మనిషి దక్కడు. ఆ మందు ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఉంది.

సింహాద్రీ, ఇంకో ముగ్గురూ నులకమంచం ఎత్తారు. ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా జనం నిలబడి ఉన్నారు. ముందు కులపెద్ద రాములప్పడు చేతులు జోడించాడు.

"అమ్మా, తప్పయిపోనాది, కాదన్ను. కానీ ఈ బాబు ఇంకా ఆ యంత్రం పెట్టె కట్టీలేదు. గురువులుని ఎనక కిటికీలోంచి దించుదాం. సువ్వలు పీకీసి ఉంచినాం."

నిజంగానే చువ్వలు పీకేసి ఉన్నాయి. ఆ పని ఎప్పుడు చేశారో దేవుడికి తెలియాలి. వైజయంతి ఒక్క క్షణం తటపటాయించింది, అబద్ధమెందుకు? ఈ ఆస్పత్రి మూతపడితే రేపు ఇంకో గురువులు ఏరు దాటకుండానే పోతాడు. కిటికీలోంచి దించినా మందు అదే మందు. అంతలో మంచం మీది మనిషి మూలిగాడు.

"తప్పుకోండి," అంది. "గురువులు రోగి, దొంగ సరుకు కాదు. గుమ్మంలోంచే వస్తాడు."

జనం చీలారు. మంచం గడప కిందికి రాగానే దీపం ఎర్రబడి, యంత్రం కూతపెట్టింది. పైడితల్లి చెవులు మూసుకుంది.

లోపల నరం దొరకలేదు. రెండు చేతులూ వెతికినా దొరకలేదు. సూది పెట్టిన ప్రతిసారీ గురువులు "బాగానే ఉన్నాను" అని గొణుగుతున్నాడు. ఆఖరికి మెడ దగ్గర దొరికింది. సెలైన్ స్టాండ్ వెతికే తీరిక లేక వైజయంతి సీసాని విక్రాంత్ చేతిలో పెట్టింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన దాన్ని తల మీదికెత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి తిమ్మిరెక్కినా దించలేదు.

గురువులు బతికాడు. మోకాలి కింద కాలు తీసేశారు.

యంత్రం సర్దుకుని వెళ్ళే ముందు విక్రాంత్, "జరిగిందంతా నా రిపోర్టులో రాస్తాను మేడమ్, ఒక్క ముక్క దాచను," అన్నాడు. మనిషి మంచివాడు, రాశాడు కూడా.

కొన్ని వారాల తర్వాత ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఒక్క ఎరుపు ఏ మూలకండీ? తక్కినవన్నీ ఆకుపచ్చే కదా. మీ ఆస్పత్రికే మొదటి స్థానం."

వైజయంతి కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. "అయితే మూసేయరన్నమాట."

"మూసేయరు. కానీ ఇంత ఆరోగ్యంగా ఉన్న ఊరికి డాక్టరెందుకని అడిగారు పైవాళ్ళు. మిమ్మల్ని జబ్బులు ఎక్కువున్న చోటికి వేస్తున్నారు. నల్లరేవులో మీ బదులు గడప ఉంటుంది."

"మీరు కళ్ళారా చూశారు కదండీ! సీసా పట్టుకున్నారు కదా!"

"రాశానండీ. ఎంత రాసినా లాభం లేకపోయింది. మనిషి మాట వల్ల యంత్రం ఇచ్చిన మార్కు మారకూడదని నియమం. ఆ నియమం పెట్టిందీ నేనే," అన్నాడు.

వైజయంతి వెళ్ళే రోజున ఊరు ఊరంతా ఆస్పత్రి ముందు చేరింది. ఈసారి ఎవరూ ఇంటి దగ్గర ఆగలేదు. దుప్పట్లు కప్పుకుని, దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుని కొత్తగా బిగించిన గడప కిందుగా వచ్చారు. పసుపు, ఎరుపు, ఎరుపు, మళ్ళీ ఎరుపు.

"ఎలా ఎలుగుతోందో సూడమ్మా!" అంటూ నర్సమ్మ ఏడుస్తోంది. "ఇప్పుడొచ్చి సూడమనండి ఆ బాబుని!"

లెక్క మూసేసి చాలా రోజులైంది. ఇప్పుడది ఉత్త దీపం. ఆ మాట ఆవిడకి చెప్పడానికి వైజయంతికి నోరు రాలేదు. బయట జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వైజయంతి సంచీ కింద పెట్టి, స్టెతస్కోపు తీసి, మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కరినే చూసి మందు రాసింది.

అందరికంటే చివర గురువులు వచ్చాడు. చంకలో కర్ర, పంచె కుడి అంచు పైకి మడిచి కట్టి ఉంది. గడప కింద ఆగి, డాక్టరమ్మ వంక చూసి ముఖమంతా నవ్వాడు.

"బాగానే ఉన్నానమ్మా," అన్నాడు.

దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఈసారి అతను చెప్పింది నిజమే.