శాంపిల్ పైపులో గాలి

"ఎవరు స్టార్ట్ చేయమన్నారు దాన్ని? ఆపండి ముందు!"

ఆమె కేకకి ఓడ ఇంజన్ల పరిశోధనశాల అదిరింది. అతను చెవుల మీది మఫ్‌లు తీసి, తాపీగా వెనక్కి తిరిగాడు.

"ఇంజన్ వేడెక్కాలి కదండీ."

"నా ఎనలైజర్ కూడా వేడెక్కాలి. పొగలో ఏముందో చెప్పేది అదే."

"దాని సంగతేమో గానీ, మీరు మాత్రం బాగానే వేడెక్కారు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అతను ఓడలో సెకండ్ ఇంజనీరు. కొత్త ఇంధనం పరీక్షలకని కంపెనీ పంపింది. ఆమె డాక్టరేట్ ఆ పరీక్షల మీదే. వారం తిరక్కుండానే ఆమెకి 'పొగమ్మ' అని పేరు పెట్టాడు. కొన్నాళ్ళకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ పేరు వినపడని పూట ఆమెకి ఏమీ తోచేది కాదు.

అమ్మమ్మ పసిగట్టేసింది. "ఓడ మనిషితో కాపురమంటే సగం గుమ్మంలోనే గడిచిపోతుందే."

"కాపురం దాకా ఎవరెళ్ళారు అమ్మమ్మా?"

"నీ మొహం చూస్తే వెళ్ళొచ్చినట్టే ఉంది."

పరీక్షల్లో మసి సగానికి పడిపోయింది. కంపెనీ ఉబ్బితబ్బిబ్బయింది. ఆ ఇంధనాన్ని ఇక ఓడలోనే వాడి చూస్తారట. ఇంజన్ గదికి అతనే చీఫ్. ప్రయాణం శుక్రవారం.

"పార్టీ ఎప్పుడు చీఫ్ గారూ?" అని నవ్వింది. ఆ నవ్వు గది దాటేదాకా కూడా నిలవలేదు.

గురువారం పొద్దున లెక్కలు సరిచూస్తుంటే ఒకచోట చెయ్యి ఆగింది. పూర్తి లోడు మీద నడిచే ఇంజన్ పొగలో అంత ఆక్సిజన్ ఉండకూడదు. పొగని ఎనలైజర్‌కి తెచ్చే శాంపిల్ పైపు పొడుగునా తడుముకుంటూ వెళ్ళింది. జాయింటు దగ్గర వెంట్రుకంత పగులు. అందులోంచి బయటి గాలి పొగలో కలుస్తోంది. నీళ్ళు కలిపిన పాలు పలచగానే ఉంటాయి మరి! మసి తగ్గలేదు, పలచబడింది అంతే.

పగులు చూడగానే ముందు కలిగింది సంతోషం. అతను వెళ్ళడు! ఆ వెంటనే, తన సంతోషాన్ని చూసి తనకే భయమేసింది.

అతనికి చెప్పింది.

"రేపు ప్రయాణం పెట్టుకుంటే ఇవాళ కనపడిందా పగులు?" అతని మొహం మాడిపోయింది. "నన్ను ఆపడానికి ఇంత పని చెయ్యాలా పొగమ్మా?"

ఆమె వెళ్ళి స్పానర్ తెచ్చింది. కొత్త జాయింటు బిగించి, ప్రొఫెసర్ ముందే ఇంజన్ నడిపించింది. పాత ఇంధనంతో ఎంత మసి వచ్చేదో, అంతే వచ్చింది.

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మళ్ళీ మొదటికొచ్చాం తల్లీ" అన్నాడు.

ఇన్నేళ్ళ ఆమె చదువూ పోయింది, అతని చీఫ్ ఉద్యోగమూ పోయింది. ఓడ మాత్రం ఆగలేదు. మామూలు ఇంధనం నింపుకుని, అతన్ని మళ్ళీ సెకండ్ ఇంజనీరుగానే రమ్మంది. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆమె బతుకు. వెళ్ళేవాళ్ళకి కనీసం దారైనా ఉంటుంది. ఉండిపోయేవాళ్ళకి ఏముంటుంది?

శుక్రవారం వాన. జెట్టీ దగ్గర అతను బ్యాగు తడుస్తున్నా పట్టించుకోకుండా నిలబడి ఉన్నాడు.

"నిన్న అన్న మాటకి నన్ను క్షమించు."

"నిజం తేలిందిగా."

"తేలాకే ఎక్కువ బాధేసింది. ఆ పగులు అబద్ధమైతే బాగుండునని ఎంత అనుకున్నానో! నా కోసం నువ్వు ఒక్క అబద్ధమైనా ఆడావని..."

ఆమె తల దించుకుంది. "పగులు చూడగానే సంతోషపడ్డాను. నువ్వు వెళ్ళవని. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు."

"సార్, ఎక్కండి! ఓడ మన కోసం కాచుక్కూచోదు!" లాంచీవాడు అరిచాడు.

"నువ్వంటే నాకు ప్రాణం" అన్నాడతను గబగబా. "కానీ ఓడ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాను. ఎప్పుడొస్తానో తెలీదు. ఎదురుచూడమని అడిగే మొహం లేదు."

"అడగొద్దు. అడిగితే ఎప్పుడో ఒకరోజు నీ మీద కోపమొస్తుంది. నా అంతట నేనే ఎదురుచూస్తాను."

అతను ఏదో అనబోయి, ఆమె చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, లాంచీ ఎక్కాడు.

వానలో అది చిన్నదై, రేవు గోడ చాటుకి తిరిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఇన్ని మాటల్లో 'వెళ్ళొద్దు' అన్న ఒక్క మాట తను అననేలేదు.