ఎడమ చేతి పాఠం

సూరాంబ సంచి సర్దింది. అటుకులు, బెల్లం, దారిలో కాళ్ళు పగిలితే రాసుకోవడానికి ఆముదం, గవరమ్మ పరికిణీ. ఎవరూ చూడకుండా అడుగున తన పాత చీర కూడా మడిచి పెట్టింది.

ఆ ప్రయాణం ఎందుకో చెబుతాను, పిల్లలూ. చందనరేవు రాజ్యంలో కుంభనిద్రుడనే రాక్షసుడు రోజుకొక ఇంట్లో తనకు చిక్కినవాళ్ళను నిద్రపుచ్చుతున్నాడు. వాళ్ళు ఇక లేవరు. నెల తిరిగేసరికి ఊపిరి ఆగిపోతుంది. రాజుగారిదీ అదే గతి. వడ్రంగి కూతురు గవరమ్మ తల్లి నిద్రలో పడి అప్పటికి ఇరవై రోజులు. కొండమీది ముని ఒక్కటే ఉపాయం చెప్పాడు: రాక్షసుడి గుహలో నల్లని పియానో ఉంది, దానిమీద మేలుకొలుపు పాటను మధ్యలో ఆగకుండా వాయిస్తే అందరూ లేస్తారు.

ఆ రాజ్యంలో పియానో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఎప్పుడో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పియానోను తడిమి తడిమి తనంతట తానే నేర్చుకున్న సూరాంబ ఒకరు. పొరుగింటి గవరమ్మ ఆమె శిష్యురాలు. పియానోకు కుడి చేయి పాట పాడుతుంది, ఎడమ చేయి ఆ పాట నిలవడానికి నేల వేస్తుంది. గవరమ్మకు కుడి చేయి మాత్రమే వచ్చు. కుడి చేతి వేళ్ళు వాతంతో బిగుసుకుపోయిన సూరాంబ ఎప్పుడూ ఎడమ వైపు కూర్చుని వాయించేది.

సంచి మూతి కడుతూ సూరాంబ అసలు మాట చెప్పింది.

"నీకన్నా ముందు ముగ్గురికి రెండు చేతులూ నేర్పినానే. చేతికి వచ్చీగానే దేశం దాటి ఎల్లిపోనారు. ఒక్కరూ మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. నువ్వూ ఎల్లిపోతావని ఎడం చెయ్యి దాచుకున్నాను."

"నానెక్కడికి ఎల్తాను మామ్మా? నీ గోడ పక్కదే కదా మా ఇల్లు" అంది గవరమ్మ.

ఇద్దరూ బయల్దేరారు. గవరమ్మ చంకలో తండ్రి చేసిన చెక్క ఉంది. దానిమీద మసితో పియానో మెట్లు గీసి ఉన్నాయి. చెట్టు నీడ దొరికిన ప్రతిచోటా సూరాంబ ఆ మూగ మెట్లమీద ఎడమ చేతి పాఠం చెప్పింది. పాటకు ఎనిమిది వరుసలు. రెండు రోజుల్లో రెండు వచ్చాయి.

ముళ్ళ అడవిలో రెండు తలల గండభేరుండ పక్షి దారికి అడ్డం పడింది. ఒక తల కునికితే రెండోది లేపేస్తుందనీ, రెండింటినీ ఒకేసారి నిద్రపుచ్చితేనే దారి ఇస్తాననీ చెప్పింది. గవరమ్మ కుడి చేత్తో, సూరాంబ ఎడమ చేత్తో చెక్కమీద ఒకే తాళం తట్టారు. రెండు తలలూ ఒకదానిమీద ఒకటి వాలిపోయాయి.

మూడో వరుస వచ్చేసరికి ఏరు అడ్డమైంది. అక్కడి మొసలి మూపున ఎక్కించుకుంటానంది గాని, కూలిగా ఆ చెక్కే కావాలంది. తల్లికి మిగిలినవి అయిదు రోజులే. గవరమ్మ చెక్క ఇచ్చేసింది. పాఠం అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఆగడానికి పొద్దు లేక ఇద్దరూ దారి పొడుగునా నడుస్తూనే ఉన్నారు.

కుంభనిద్రుడు గుహ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వాళ్ళను చూసి లేవనైనా లేవలేదు.

"ఈ పీటమీద ఒక్కరు కూర్చుని వాయిస్తే లేచి ఇంటికి పోవచ్చు. ఇద్దరు కూర్చుంటే ఒకరే లేస్తారు. పాట తెగిందా, మీ ఊరు ఇక లేవదు" అన్నాడు.

గవరమ్మ సూరాంబను గుహ గోడ దగ్గర నిలబెట్టి, కదలొద్దని ఒట్టు వేయించుకుంది. ఒక్కతే పీట ఎక్కింది. మూడు వరుసలు చక్కగా పలికాయి. నాలుగోదానికి ఎడమ చేయి గాలిలోనే ఉండిపోయింది. కుడి చేయి ఒంటరిగా తడబడింది. పాట తెగబోయే ఆ క్షణాన ఎడమ పక్కకు సూరాంబ వచ్చి కూర్చుంది.

ఎనిమిది వరుసలూ అయ్యాయి. గవరమ్మ లేచింది. సూరాంబ వేళ్ళు మెట్లకు అతుక్కుపోయి ఉన్నాయి. గవరమ్మ ఆ చేతిని పట్టి ఎంత లాగినా రాలేదు.

"ముసలమ్మా, ఆ పిల్లకు ఎడమ చేయి నేర్పాలంటే ఎన్నాళ్ళ పాఠం?" అని అడిగాడు రాక్షసుడు.

"పది రోజులది నాయనా."

"పది రోజులదా" అని వాడు నవ్వబోయి, ఎందుకో మానుకున్నాడు.

సూరాంబ గవరమ్మ వైపు తిరిగింది. "సంచి అడుగున నా చీరుంది, అదిచ్చేసి ఎల్లు. మీయమ్మ లేచుంటాది. ఇన్నాళ్ళూ తిండి లేదు, ఆకలేస్తాది దానికి."

గవరమ్మ ఆమె భుజాలకు చీర కప్పి వచ్చేసింది.

తల్లి లేచింది, రాజుగారు లేచారు, ఊరంతా లేచింది. రాజుగారు సంగీతశాల కట్టించి గవరమ్మ చేతికి అప్పగించారు. ఆమె ఎవరికైనా మొదటి రోజే ఎడమ చేయి నేర్పేది. పాఠం పూర్తయి వెళ్ళేవాళ్ళకు తానే సంచి సర్ది, అటుకులు, బెల్లం పెట్టి, వాకిలిదాకా వచ్చి పంపేది. వాళ్ళలో కొందరు మళ్ళీ చూడడానికి వచ్చేవారు.

సూరాంబ తిరిగి రాలేదు. ఆమె ఆ పీటమీద కూర్చున్నది మాఘ బహుళ తదియనాడు, మధ్యాహ్నం.