ముప్పై ఆరు కష్టాలు

శుక్రవారం పొద్దున ఆ ఆఫీసు మెట్లెక్కేటప్పటికి షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: తాళం పగలని ఒక స్టీలు బీరువా, అందులోంచి మాయమైన ముప్పై ఆరు కాగితాలు, అప్పటికే దొంగ అని పేరు పడిపోయిన ఒక ముసలి వాచ్‌మన్, సోమవారం దాకా గడువు. పక్కన గుమాస్తా, గుమాస్తా చంకలో నోటుబుక్కు. ఇంతకన్నా తక్కువ సరుకుతో బేరాలు ముగించిన మనిషి కాబట్టి షావుకారు తొందరపడలేదు.

షావుకారు అన్నది ఇప్పుడు పిలుపు మాత్రమే. ఇరవై రెండేళ్లు బట్టల టోకు దుకాణం నడిపాడు. గోదాములో తానులు మాయమవుతుంటే తనే కాపు కాసి పట్టుకున్నాడు. ఆ తర్వాత పొరుగు దుకాణాల దొంగలనూ పట్టిపెట్టాడు. చివరికి బట్టలకన్నా దొంగలే బాగా గిట్టుబాటవుతున్నారని తేల్చుకుని, దుకాణం తమ్ముడికి అప్పగించి డిటెక్టివ్ బోర్డు కట్టాడు. గుమాస్తా ఆ దుకాణం నుంచే ఆయన వెంట వచ్చేశాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మాటను గుమాస్తా ఎన్నడూ రెండోసారి తూచి చూసుకోలేదు.

పిలిపించింది డైరెక్టరమ్మ. అద్దె మేడలో, రెండంతస్తుల్లో ఆమె సంస్థ నడుస్తోంది. పల్లెల్లోని ఆరు బడులకు పుస్తకాలు, బల్లలు ఇస్తారు. పదో తరగతి దాటిన పిల్లలకు దరఖాస్తు నింపడం, ఇంటర్వ్యూలో కూర్చోవడం, అడిగినదానికి తల దించుకోకుండా జవాబు చెప్పడం నేర్పుతారు. ఖర్చంతా ఒక విదేశీ కంపెనీది. ఆ కంపెనీ పెద్దలు సోమవారం వస్తారు. పిల్లలను తమ ఫ్యాక్టరీ ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేస్తారు, ఇంకో మూడేళ్లు సాయం చేయాలో వద్దో తేలుస్తారు. వాళ్లు ముందుగా అడిగేది కథల కాగితాలు. ఒక్కో పిల్లకు, ఒక్కో పిల్లాడికి ఒక కాగితం. పైన ఫొటో, కింద ఆ ఇంటి కష్టం, అట్టడుగున తల్లిదో తండ్రిదో వేలిముద్రో సంతకమో. మళ్లీ అచ్చు వేయించడం పెద్ద పని కాదని, ముప్పై ఆరు ఇళ్లలో మళ్లీ వేలిముద్రలు తేవడం మాత్రం రెండు రోజుల్లో అయ్యే పని కాదని ఆమె చెప్పింది.

ఆమె లెక్క ఆమె వేసేసుకుంది. గురువారం మధ్యాహ్నం కాగితాలున్నాయి, శుక్రవారం పొద్దున లేవు. మధ్యలో మేడలో పడుకునేది మెట్ల కింది గదిలో ఉండే వాచ్‌మన్, అతని భార్య. షావుకారు రాగానే ఆ గదిలోని రేకు పెట్టె వరండాలోకి లాగించి, అందరూ చూస్తుండగా తెరిపించింది. రెండు చీరలు, ఒక దుప్పటి, అద్దం బయటపడ్డాయి. సోమవారం లోపల కాగితాలు దొరక్కపోతే పోలీసులకు చెబుతానని, గది ఖాళీ చేయాలని కూడా చెప్పేసింది. వాచ్‌మన్ భార్య చీరలు మడత పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. షావుకారు ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. అడ్డు చెప్పలేదు.

బీరువా చూశాడు. తాళం చెవి డైరెక్టరమ్మ గదిలో గోడకు కొట్టిన పలక మీద, జీపు తాళం చెవి పక్క మేకుకే వేలాడుతోంది. ఆ గదిలోకి పగలు ఎవరైనా వెళ్తారు. ఖాళీ ఫైళ్లు ఒక పక్కకు పేర్చి ఉన్నాయి. అవే ఫైళ్లలో ఉండే పిల్లల మార్కుల కాగితాలు మాత్రం ఒక్కటీ పోలేదు. అంచులు సరిచేసి, ఒక కట్టగా మధ్య అరలో పెట్టి ఉన్నాయి.

"గుమాస్తా, ఈ కట్టలో ఏ బడి తర్వాత ఏ బడి ఉందో రాసుకో," అన్నాడు షావుకారు.

బడులకు ఆ ఆఫీసులో ముద్దుపేర్లున్నాయి. గుమాస్తా రాసుకున్నాడు: రేకుల బడి, వంతెన బడి, బట్టీల బడి, తోట బడి, మలుపు బడి, కొండ బడి.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టాడు. అందరినీ అడిగింది ఒకటే. మీ బడులేవో చెప్పండి.

డైరెక్టరమ్మ తడుముకోకుండా బట్టీల బడి, కొండ బడి, రేకుల బడి అంటూ మొదలుపెట్టింది. అదేం వరస అని అడిగితే, ఎక్కువ కష్టమున్న పిల్లలు ఎక్కడున్నారో ఆ బడి ముందు, కంపెనీ వాళ్లకు అలాగే చూపిస్తామని చెప్పింది. ఇంటర్వ్యూలు నేర్పే మాస్టారు తోట బడితో మొదలుపెట్టాడు. అక్కడినుంచి పోయినేడు ఐదుగురికి ఉద్యోగాలొచ్చాయి. బట్టీల బడి ఆయన వరసలో చివరిది.

డ్రైవర్ నలభై దాటిన మనిషి. ఒకప్పుడు పెద్ద హోటల్లో కారు నడిపాడు. విదేశీ అతిథుల భాష అక్కడే పట్టుబడింది. ఆఫీసులో ఆ భాష సరిగ్గా మాట్లాడగలిగేది అతనొక్కడే. అతను వేళ్లు మడుస్తూ చెప్పాడు. "రేకుల బడి, వంతెన, బట్టీలు, తోట, మలుపు, ఆఖర్న కొండ. అక్కణ్ణించి వెనక్కే, సార్."

చివరికి వాచ్‌మన్ వచ్చాడు. బడుల సంగతి అడిగితే, "నేను గేటు దాటి ఎరగను బాబూ," అన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాసి గుమాస్తా కాగితం ముందుకు జరిపి, చదువుకుని సంతకం పెట్టమన్నాడు. వాచ్‌మన్ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ఒక క్షణం చూశాడు. తర్వాత బొటనవేలు చాచాడు.

అతను వెళ్లాక గుమాస్తా గొంతు తగ్గించాడు. "అయ్యా, ఇతనికి అక్షరం ముక్క రాదు. మార్కుల కాగితాల మీద బడి పేర్లు చదివి ఏ బడివి ఆ బడికి పేర్చడం ఇతని వల్ల అయ్యే పనేనా?"

"కాదు."

"మరి చెప్పేద్దామా డైరెక్టరమ్మకి?"

"ఇప్పుడొద్దు. నేరం ఒకడి నెత్తిన ఉన్నంతసేపు అసలువాడు నిబ్బరంగా తిరుగుతాడు. అది మనకు కలిసొచ్చే సంగతి. మన దగ్గరే ఉండనీ."

గుమాస్తాకు ఆ మాట పనితనంగానే తోచింది. బుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు.

శనివారం ఇద్దరూ జీపులో బడులకు బయల్దేరారు. రేకుల బడి, తర్వాత వంతెన. మూడోది బట్టీల బడి. అక్కడ జీపు బడి ముందు ఆగలేదు. చాలా దూరంలో, ఇటుకల వరసల చాటున ఆగింది. డ్రైవర్ దిగలేదు, బండి వేడెక్కిందన్నాడు. షావుకారు బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. ఎంత ఉండాలో అంతే ఉంది.

బడి పక్కనే ఒక సైకిల్ షాపు. దాని యజమాని కూతురు క్లాసులోకెల్లా చురుకైనదని, ఇంటర్వ్యూ పాఠాలకు ఈమధ్య హఠాత్తుగా మానేసిందని మాస్టారు శుక్రవారమే చెప్పాడు. తండ్రి చేతికంటిన నల్లటి గ్రీజు తుడుచుకుంటూ లేచి బల్ల జరిపాడు. నెల కిందట కంపెనీ వాళ్లు ముందస్తుగా ఒకసారి ఊళ్లు చూసి వెళ్లారట. ఆయన షాపులోనూ కూర్చున్నారట.

"కాగితం చేత్తో పట్టుకుని నాకేసి చూస్తా చాలాసేపు మాట్లాడారండీ," అన్నాడాయన. "ఏంటంటున్నారని అడిగితే, డ్రైవర్ బాబు చెప్పాడు. ఆడపిల్లని ఇంత బాగా చదివిస్తున్న తండ్రిని చూడ్డానికే వచ్చారని. ఒకావిడైతే కళ్లు తుడుచుకుంది. నా బతుక్కి అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు."

కూతురు లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. తండ్రి ట్యూబు కోసం వెనక్కి వెళ్లగానే గుమాస్తా దగ్గరికి వచ్చింది.

"పాఠాల్లో మాక్కొంచెం వాళ్ల భాష నేర్పారండి. వాళ్లు మా నాన్నని, తాగుడు మానేశారా అని అడిగారు. అమ్మని ఇప్పటికీ కొడుతున్నారా అని. మా నాన్న టీ కూడా తాగరు. డ్రైవర్ మావయ్య ఇంకోలా చెప్పారు. నాన్న ఆళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టారు." వెనక్కి ఒకసారి చూసుకుంది. "ఆ కాగితం కింద వేలిముద్ర మా నాన్నదే. ఏం రాసుందో చదివి చెప్పకుండా ఏయించుకున్నారు. నేను పక్కనే ఉన్నాను, బడికి సాయం అంటే ఊరుకున్నాను. నాన్నకి చెప్పకండి."

తిరుగు దారిలో గుమాస్తా నోటుబుక్కు తెరవలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి షావుకారు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. పిల్లలు ఇంటర్వ్యూలు నేర్చుకునే హాలు అది. ఒక బల్ల, అటు మూడు కుర్చీలు, ఇటు ఒకటి. డైరెక్టరమ్మ, మాస్టారు, డ్రైవర్ మూడు కుర్చీల్లో కూర్చున్నారు. విడిగా ఉన్న కుర్చీలో కూర్చోమంటే వాచ్‌మన్ కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నా దుకాణంలో ముగ్గురు కుర్రాళ్లుండేవాళ్లు," అని మొదలుపెట్టాడు షావుకారు. "అవే తానులు, అవే అరలు. ఒకడు రంగు చూసి పేర్చేవాడు, ఒకడు ధర చూసి, ఒకడు మిల్లు చూసి. పేర్పు చూస్తే ఏ చెయ్యి పడిందో తెలిసిపోయేది. మనిషి తను రోజూ వాడుకునే వరసలోనే పేరుస్తాడు. ఆలోచించి చేసే పని కాదది."

కథల కాగితాలు తీసినవాడు మార్కుల కాగితాలు పదిలంగా వదిలి వెళ్లాడని, సంస్థను ముంచాలనుకున్నవాడు ఆ పని చేయడని, సోమవారం ఇంటర్వ్యూకు పిల్లలకు అవి కావాలని ఎరిగినవాడే చేస్తాడని వివరించాడు. పిల్లల ఫైళ్లను డైరెక్టరమ్మ కష్టం వరసలో పెడుతుంది, మాస్టారు ఉద్యోగాల వరసలో. బీరువాలో మిగిలిన కట్ట ఆ రెండు వరసల్లోనూ లేదు. రేకుల బడి దగ్గర మొదలై కొండ బడి దగ్గర ఆగే వరస, జీపు వెళ్లే దారి.

"రోజూ సాయంత్రం జీపు తాళం చెవి తగిలించడానికి ఆ గదిలోకి వెళ్లేవాడికి, పక్క మేకు మీదున్నది తీసుకోవడం ఎంతసేపు," అన్నాడు షావుకారు. "కాగితాలు ఎక్కడున్నాయి?"

"జీపులో. వెనక సీటు కింద," అన్నాడు డ్రైవర్. దాచే ప్రయత్నమేమీ చేయలేదు. "ఎవరిది వాళ్లింట్లో ఇచ్చేద్దామని దారి వరసలో పెట్టుకున్నా సార్. గుమ్మం దాకా పోయాక ఏమని ఇవ్వాలో తెలీలేదు. ఇందులో నీ మీద అబద్ధాలున్నాయి, పుచ్చుకో అని ఇవ్వనా? ఆ సైకిల్ షాపాయన నా మాట నమ్మి దణ్ణం పెట్టాడు. ఆ ముందటేడు ఇంకో నలుగురు పెట్టారు. అందరికీ నేనే మార్చి చెప్పాను."

డైరెక్టరమ్మ మాస్టారి వైపు చూసింది. మాస్టారు బల్లకేసి చూస్తున్నాడు. అప్పుడామె చెప్పడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది పిల్లలు రాసింది రాసినట్టే పంపిందట. లెక్కలంటే భయం, ఈత వచ్చు, లారీ నడపాలనుంది. ఎవరూ జవాబు రాయలేదు. రెండో ఏడు ఒక కాగితంలో తండ్రికి తాగుడు తగిలించింది. వారం తిరక్కుండా బల్లలొచ్చాయి. ఆ తర్వాత ఒకరికి ఆకలి పెంచింది, ఒకరికి తల్లిని చంపేసింది.

"బడికి బల్ల వస్తుంది కదా, కాగితం మీదే కదా అనుకున్నాను," అంది. "వాళ్లు ఇళ్లకెళ్లి మొహం మీద అడుగుతారని అనుకోలేదు."

పిల్లల చేతిరాతలు మాస్టారి సొరుగులో ఇంకా ఉన్నాయని తేలింది. దరఖాస్తు రాయడం నేర్పేటప్పుడు రాయించినవి. రేపు వాటినే చూపిద్దామని మాస్టారు అన్నాడు. డైరెక్టరమ్మ కాదనలేదు.

డ్రైవర్ లేచి వాచ్‌మన్ దగ్గరకు వెళ్లాడు. "బాబాయ్, శుక్రవారమే చెప్పేద్దామనుకున్నా. నోరు రాలేదు. శనివారం అనుకున్నా," అన్నాడు.

వాచ్‌మన్ అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. కోపం లేదు. అతను చూస్తున్నది షావుకారుని.

"బాబూ, నేను కాదని మీకెప్పుడు తెలిసింది?"

గుమాస్తా చప్పున నోటుబుక్కులోకి తల దించుకున్నాడు. షావుకారుకు ఇరవై రెండేళ్ల వ్యాపారంలో ధర చెప్పడానికి ఇంత కష్టమైన రోజు లేదు.

"శుక్రవారం మధ్యాహ్నం," అన్నాడు.

"నేను వేలు ముద్దరేసినప్పుడా?"

"అప్పుడే."

"మా ఆవిడ శుక్రవారం నించీ నీళ్లకి కూడా బయటికి రాలేదు," అన్నాడు వాచ్‌మన్. గేటు తీసి ఉందని, చూసి వస్తానని వెళ్లాడు.

సోమవారం కంపెనీ వాళ్లు వచ్చారు. చేతిరాతలు చదివి, పాత కాగితాల మాటేమిటని అడిగారు. డైరెక్టరమ్మే చెప్పింది, డ్రైవర్ ఈసారి ఉన్నదున్నట్టు వాళ్ల భాషలోకి మార్చాడు. వాళ్లలో ఒకావిడ లేచి బయటికి వెళ్లి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. ఆరు బడుల్లో నాలుగింటికే, అదీ మూడేళ్లు కాదు, ఒక్క ఏడాదికే ఒప్పుకున్నారు. తోట బడి, మలుపు బడి పోయాయి. సైకిల్ షాపు అమ్మాయి ఇంటర్వ్యూకు వచ్చింది. మీ ఇంట్లో కష్టమేమిటని అడిగితే, అది ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న కాదని చెప్పిందట. ఆమెను తీసుకున్నారు.

వాచ్‌మన్ నెలాఖరు వరకు పని చేసి, భార్యను వెంటబెట్టుకుని కూతురి ఊరు వెళ్లిపోయాడు. డైరెక్టరమ్మ ఉండమని రెండుసార్లు అడిగింది. వెళ్లేరోజు షావుకారు బస్టాండుకు వచ్చి, చెప్పాల్సిన మాట చెప్పాడు. ముసలాయన విన్నాడు, తలూపాడు. అతని భార్య మాత్రం కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

బస్సు కదిలాక, ఎప్పటి అలవాటు ప్రకారం గుమాస్తా నోటుబుక్కు తీశాడు. కేసు ముగిస్తే చేతికొచ్చిందేమిటో షావుకారు చెప్పడం, అతను రాసుకోవడం.

"నాలుగు బడులు మిగిలాయి," అన్నాడు షావుకారు. "ఒక పిల్లకు ఉద్యోగం. డ్రైవరుకు నిజం చెప్పే పని. నాకు రావాల్సిన ఫీజు నాకొచ్చింది." బస్సు మలుపు తిరిగే దాకా ఆగాడు. "రెండు రోజులు, వేరేవాళ్లవి, అడక్కుండా వాడేసుకున్నాను. అవి తిరిగిచ్చే దారి లేదు. అదీ రాయి."

గుమాస్తా రాశాడు. ఆయనతో ఉన్న ఇన్నేళ్లలో మొదటిసారి, రాసింది సరిగ్గా ఉందో లేదో తనకు తాను ఇంకోసారి చదువుకున్నాడు.