మూసిన వాకిళ్లు

సారక్క డ్యూటీ ఎక్కగానే చేసే మొదటి పని, ఉమ్మడి అడిగే ప్రశ్నలకు ‘సరే’ కొట్టడం. రెండో సొరంగంలో పంపు కడగాలా? సరే. నాలుగో సొరంగంలో దీపాలు తగ్గించాలా? సరే. ఏడో సొరంగంలో మూసి ఉన్న వాకిళ్లను లెక్కలోంచి తీసేయాలా? సరే. యంత్రం అడగడం, మనిషి సరే అనడం ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. చదివి మరీ సరే కొట్టే తీరిక ఎవరికుంది గనక?

ఆ తర్వాతే ఆమె టీ గ్లాసు పక్కన పెట్టుకుని పలుకుల వంక చూసింది.

పైన ఎండకు మనిషన్నవాడు నిలబడలేని రోజులు వచ్చాక, ఈ పాత బొగ్గుగనిలోకి దిగిన జనానికి ఉన్నది ఒక్కటే కంప్యూటరు, ఉమ్మడి. ఇంటికో తెర, మనిషికో వాకిలి. వాకిలి తెరిచి ఉంటే ఎవరైనా సరే ఒక పలుకు పంపవచ్చు, ఒక్క వరుస మించకుండా. ‘ఉప్పుందా వదినా’, ‘నీ కొడుకు మా ఇంట్లనే ఉన్నడు’, ‘నాకింక కోపం పోలే’. రోజంతా ఇదే గోల. తెరిచిన వాకిళ్లను లెక్కపెట్టే ఉమ్మడి ఏ సొరంగానికి ఎంత గాలి అన్నది తేలుస్తుంది. మూసిన వాకిలి వెనక మనిషి ఉన్నాడని అది అనుకోదు.

నాలుగో సొరంగం నుంచి మేనత్త పలుకు వచ్చింది: ‘మంత్రసాని పోషవ్వ పోయిందట బిడ్డా. నువ్వు వాకిలి మూసినవా?’

ఏడో సొరంగంలో పుట్టినవాళ్లంతా పోషవ్వ చేతుల్లోనే పుట్టారు, సారక్కతో సహా. తల్లి పోతే, శవం గడప దాటేదాకా పిల్లలు వాకిలి మూసి, తెర మీద గుడ్డ కప్పి కూర్చోవాలి. ఇన్నాళ్లూ చావంటే ఒక్క ఇంటి చావు. నలుగురు లెక్క తప్పితే సొరంగం గాలికి ఏమీ కాలేదు, ఎవరికీ తెలియనూ లేదు. పోషవ్వకు మాత్రం సొరంగం సొరంగమే పిల్లలు. అందరూ మూశారు. ఉమ్మడి అడిగింది. సారక్క సరే కొట్టింది.

చెల్లెలు కొమురమ్మకు పలుకు పంపింది. అలాంటి పేరు లేదని ఉమ్మడి తిప్పికొట్టింది.

లెక్కలో మనుషులు లేని సొరంగానికి గాలి ఆగిపోతుంది, ఇనుప తలుపు దానంతటదే దిగుతుంది. కొమురమ్మ ఆ తలుపు వెనకే ఉంది. గాలి తగ్గుతుంటే మనిషికి ముందు వచ్చేది నిద్ర. ఏడ్చి ఏడ్చి అలిసిపోయినవాళ్లు, నిద్రేలే అనుకుంటారు కూడా.

అన్ని తెరల మీదా ఒకేసారి గంట మోగించే దండోరాకు తాళం, పక్క కుర్చీలో ఉన్న షిఫ్టు పెద్ద, ఓవర్‌మన్ ఓదెలు దగ్గర ఉంది.

“ఓదెలన్నా, దండోరా వెయ్యి. ఏడోదాంట్ల అందరు బతికే ఉన్నరు. మూసిన వాకిళ్లల్లకు పోయేది అదొక్కటే.”

ఓదెలు గాలి పంపకం తెర వంక చూశాడు. ఏడో సొరంగం వాటా మిగతా వాటికి పోయింది. మూడో సొరంగంలో అతని కూతురు రవళికి ఆయాసం. ఆ పిల్ల ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది.

“ఇయ్యాల పొల్ల పండుకొని నిద్రపోతున్నదట,” అన్నాడు. “గిప్పుడే పలుకొచ్చింది.”

“నా చెల్లె ఉన్నదన్నా ఆడ.”

“లెక్కల ఎవ్వలు లేరు సారక్కా. నేను తీసేసిన్నా, నువ్వు తీసేసినవా? అదే అడిగె, అదే తీసె.”

“నేనే తీసేసిన,” అంది సారక్క.

తీసేసిన పేరును తిరిగి ఎక్కించడం ఆమె వల్ల కాదు. కానీ ఎవరి చోటు వాళ్లు మార్చుకోవచ్చు. ఎవరేం చెబితే ఉమ్మడి అదే నమ్ముతుంది. ఆమె తన పేరు పక్కన ‘చోటు: ఏడు’ అని కొట్టింది. ఏడో సొరంగంలో ఒక మనిషి ఉన్నట్టు తెర మీద పడింది. ఒక్కరి గాలి అంతమందికి ఏ మూలకు?

మేనత్తకు పలుకు పంపింది: ‘ఏడోదాంట్ల అందరు సచ్చిపోతరు. నీ చోటు ఏడు అని కొట్టు, నీ గాలి తగ్గుతది, తెలిసినోళ్లకు చెప్పు.’

మేనత్త పేరు ఏడుకు మారింది. వెంటనే మామ పేరు. ఆ తర్వాత సారక్కకు ముఖం కూడా తెలియని పేర్లు, ఇంటి వెనక ఇల్లు, అన్ని సొరంగాల నుంచి.

“ఆపు,” అంటూ ఓదెలు లేచాడు. “మూడోదాంట్ల గాలి పడిపోతున్నది.” ఆమె కీబోర్డు లాక్కోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది. ఏడో సొరంగం పేర్లలో అతని భార్య భూలక్ష్మి పేరు కనిపించింది. దాని కింద రవళి.

అతని తెర మీద భార్య పలుకు పడింది: ‘పొల్లను లేపి కూసోబెట్టిన. నువ్వేం చేస్తున్నవయ్యా ఆడ?’

ఓదెలు కూర్చున్నాడు. మొహం తుడుచుకుని, జేబులోంచి తాళం తీసి తిప్పాడు.

దండోరాకు గంట ఉంటుంది, తెర మీద గుడ్డ ఉన్నా వినిపిస్తుంది. అది మోగితే తీసేసిన వాకిళ్లు కూడా జవాబు కోసం తిరిగి లెక్కలోకి వస్తాయి. గాలి ఏడుకు మళ్లింది. సారక్క తెరనే చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికో ఒక వాకిలి తెరుచుకుంది.

‘అక్కా, అవ్వ ఇంక ఇంట్లనే ఉన్నది. తెరిస్తే తప్పయితదా?’

సారక్క వెంటనే కొట్టింది: ‘కాదు చెల్లే. పక్కింటోళ్లను లేపు.’

‘లేపుతున్న. లేస్తలేరు.’

ఒక్కొక్కటిగా ఇంకొన్ని వాకిళ్లు తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఏవీ తెరుచుకోలేదు. ఉమ్మడి ఎప్పటిలాగే అడిగింది: ఏడో సొరంగంలో జవాబు రాని వాకిళ్లను లెక్కలోంచి తీసేయాలా?

సారక్క ఆ వరుసను మొదటి నుంచి చివరిదాకా చదివింది. ‘వద్దు’ కొట్టింది.

ఉమ్మడి మళ్లీ అదే అడిగింది. సారక్క ఓదెలు వైపు చూసింది. అతను మూడో సొరంగం గాలి దిగిపోవడమే చూస్తున్నాడు.

“వద్దనే కొట్టు,” అన్నాడు.