ఆ రోజే సెలవెందుకు?

కుళాయి రెండుసార్లు బుసకొట్టి, కాస్త తుప్పునీళ్ళు కక్కి, చిటికెన వేలంత ధారతో మొదలైంది. అత్తగారు అప్పటికే బకెట్లన్నీ వరసగా పెట్టి స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఒరేయ్, మొన్న నువ్వు మార్చిన వాషర్ కూడా పోయినట్టుంది. ఈ ధార కన్నా నా కన్నీళ్ళు నయం" అంది కొడుకుతో.

"మళ్ళీ మారుస్తాలేమ్మా" అన్నాడతను, షూ లేసుల మీంచి తలెత్తకుండా.

ఊరి చివరి డేటా సెంటర్లో అతను కూలింగ్ ఇన్‌ఛార్జి. వేలాది కంప్యూటర్లు ఆగకుండా పనిచేసే ఆ భవనాన్ని నీళ్ళతో చల్లబరిచే యంత్రాలన్నీ అతని చేతికిందే నడుస్తాయి. భార్య ప్రభుత్వ ఇంజనీరు. డేటా సెంటర్లు ఎంత కరెంటు, ఎన్ని నీళ్ళు వాడుతున్నాయో నెలనెలా చూపాలనీ, వేసవిలో పరిమితి దాటకూడదనీ కొత్త చట్టం వచ్చింది. ఆ రీడింగులు సరిచూసే విభాగంలో ఆమెను వేశారు. వీధిలో వాళ్ళు మీటరమ్మ అని పిలుస్తారు. భర్త ఎక్కడ పనిచేస్తాడో చేరిన రోజే ఆమె రాసిచ్చింది. "అయితే ఆ కంపెనీకి తనిఖీకి వెళ్ళకండి, కాగితాలు మాత్రం చూడండి" అన్నారు పెద్దాఫీసరు.

ఆ కాగితాల్లోనే ఆమెకు అనుమానం పుట్టింది. ఏడాదిలో కరెంటు వాడకం రెట్టింపైంది. నీళ్ళు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఒక్కలాగే ఉన్నాయి. ఆమె రాసిన నోటు చూసే ఆకస్మిక తనిఖీకి ఉత్తర్వు ఇచ్చారు. పోయిన మంగళవారం తనిఖీ అయింది. ఏమీ దొరకలేదు.

కుళాయి బుసకొట్టిన ఆ పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే పెద్దాఫీసరు పిలిచారు.

"కూర్చోండమ్మా. మేం వెళ్ళేసరికి చల్లటి జ్యూసు గ్లాసులతో గేటు దగ్గరే నిలబడ్డారు. పంప్‌హౌస్ నేలంతా కొత్త టైల్సు, సిమెంటు ఇంకా ఆరలేదు. పిలవని చుట్టాలకి ఇంత మర్యాదేమిటంటారు?"

"నేనెవరికీ చెప్పలేదు సార్."

"చెప్పారనడం లేదు. తేదీ తెలిసింది నలుగురికే. నేను, నాతో వచ్చిన ఇద్దరు, మీరు. ఆ ఉత్తర్వు మీ దగ్గరున్నప్పుడు ఇంకెవరి కంటైనా పడిందేమో రేపటికల్లా రాసివ్వండి."

సీటుకొచ్చి కూర్చుందే గానీ ఒక్క అక్షరం చదవలేకపోయింది. తనిఖీకి ముందు, ఇంటికి తెచ్చుకున్న ఆ ఉత్తర్వు ప్రతిని ఒక ఆదివారం భోజనాల బల్ల మీద దిద్దింది. మధ్యలో లేచి స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కాగితాల పక్కన వేడి టీ కప్పు ఉంది. ఎంత మురిసిపోయిందో అప్పుడు! అదే మనిషి సరిగ్గా మంగళవారం సెలవు పెట్టి తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అప్పుడూ మురిసిపోయింది.

మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది.

"అత్తయ్యా, మంగళవారం కంటి డాక్టరు ఏమన్నారు?"

"డాక్టరు మొహం చూస్తేగా అమ్మాయ్! చీటీలో వచ్చే నెల తేదీ ఉందిట. వీడు చూసుకోకుండా తీసుకెళ్ళాడు. పోదాం పదరా అంటే, కాసేపు ఉండమ్మా అంటాడు. సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే. ఫోన్ కూడా ఆపేసుకుని కూర్చున్నాడు."

ఇక ఆ ఇంట్లో ఏది చూసినా అనుమానమే. పోయిన నెల అతనికి ప్రమోషన్ ఊరికే వచ్చిందా? ఫోన్ మోగితే బాల్కనీలోకి ఎందుకు వెళ్తున్నాడు? పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి, ఆమె అతని చొక్కా జేబులు వెతికింది. బస్సు టికెట్టు, దువ్వెన తప్ప ఏమీ లేవు. అయినా మనసు కుదుటపడలేదు.

అతను ఆరింటికి వచ్చాడు. షూ విప్పే లోపే అడిగేసింది.

"మంగళవారం సెలవెందుకు పెట్టారు?"

"అమ్మ కళ్ళకని చెప్పాగా."

"వచ్చే నెల చీటీకి ఈ నెల తీసుకెళ్ళారా?"

అతను తల్లివైపు చూశాడు.

"అటు కాదు, ఇటు చూసి చెప్పండి. నా కాగితం చదివారా లేదా?"

అవునన్నట్టు తలూపాడు. "టీ పెడుతుంటే కంపెనీ పేరు కనబడింది. దాని కింద తేదీ."

"చెప్పినందుకేనా ప్రమోషన్?"

"నోరు జారకు! నేనెవరికీ చెప్పలేదు."

"చెప్పకపోతే ఆ రోజే సెలవెందుకు?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. "మీ వాళ్ళు అడిగితే అబద్ధం చెప్పలేక. నిజం చెబితే ఉద్యోగం ఉండదు. ఎదురుపడకుండా తప్పుకున్నాను."

"ఏం నిజం?"

"ఊరి పెద్ద గొట్టం నుంచి మాకొచ్చే నీళ్ళు మీటరులోంచి రావాలి కదా. మీటరుకి ముందే ఇంకో గొట్టం చీలి ఉంది. దానికో వాల్వు. ఎండలు ముదిరితే ఆ వాల్వు తిప్పేది నేనే. సెలవయ్యాక వెళ్ళేసరికి దాని మీద కొత్త టైల్సు పరిచేశారు."

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. "అంటే మన కుళాయి..."

"మన వీధికొచ్చే గొట్టమేనమ్మా అది."

"మరి రెండుసార్లు వాషర్ మార్చావు కదరా?"

అతను కుళాయి వైపు చూసి తల దించుకున్నాడు.

"ఎదురింటావిడ కింద నుంచి బకెట్లు మోసి మోసి నడుం పట్టేసి మంచాన పడింది" అంది తల్లి నెమ్మదిగా. "ఆవిడకి నువ్వు మందులు తెచ్చిపెడుతుంటే, నా కొడుకు ఎంత మంచివాడో అనుకున్నాను."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భార్య మాత్రం ఇంకా తేరుకోలేదు. వాల్వు సంగతి సరే, తేదీ ఎలా పొక్కింది?

"సెలవు ఎవర్ని అడిగారు?"

"మేనేజర్ని. ఆ వారం కుదరదు, గురువారం తీసుకో అన్నాడు. కాదు, మంగళవారమే కావాలన్నాను. మీ ఆవిడ ఆఫీసులో పని ఎలా ఉందని నవ్వుతూ అడిగి, అప్పుడు సంతకం..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీరు చెప్పలేదండీ" అంది ఆమె. "మంగళవారమే కావాలని పట్టుబట్టేసరికి మీ మేనేజరుకి అర్థమైపోయింది."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆమె ఆఫీసుకు వెళ్ళారు. ఉత్తర్వును భోజనాల బల్ల మీద వదిలేసింది తనేనని ఆమె ముందుగా రాసిచ్చింది. పెద్దాఫీసరు చదివి, ఆ కంపెనీ ఫైలు ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నారు. "మీ ఆయన చెప్పేది నేను విడిగా వింటాను. మీరు బయట ఉండండి" అన్నారు.

తర్వాత జరిగింది ఊరందరికీ తెలుసు. అతను బొమ్మ గీసి చూపించిన చోట టైల్సు పగలగొడితే గొట్టం బయటపడింది. ఆ కంపెనీ యంత్రాలు సగం ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట మీటరు కంపెనీ గోడ లోపల కాకుండా, ఊరి పెద్ద గొట్టం దగ్గరే బిగించాలన్నారు. అతని ఉద్యోగం పోయింది. ఆమెకు మెమో ఇచ్చి వేరే విభాగానికి మార్చారు. ఎదురింటావిడకి అత్తగారే స్వయంగా వెళ్ళి సంగతంతా చెప్పింది. ఆవిడ నెల రోజులు వాళ్ళతో మాట్లాడలేదు.

ఇన్ని జరిగినా, మీటరమ్మ మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ పొద్దున ఆఫీసు గేటు పక్కన ఒంటరిగా నిలబడ్డ గంటసేపే. లోపల ఏం చెబుతున్నాడో? వాల్వు తిప్పింది తను కాదంటాడా? నేరమంతా కింది పనివాళ్ళ మీదకి నెట్టేస్తాడా? అసలు రాత్రి చెప్పిందంతా నిజమేనా? అలా ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. అయినా ఆలోచన ఆగలేదు.

చివరికి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అంతా రాశాను. వాల్వు తిప్పింది నేనేనని కూడా. చివర్లో ఆయన ఒక్కటే అడిగాడు. నీ అంతట నువ్వే వచ్చావా, మీ ఆవిడ నిలదీస్తే వచ్చావా అని."

"ఏం చెప్పారు?"

"నీ అంతట నువ్వే వచ్చావని రాస్తే నీకు మేలవుతుంది, ఆలోచించుకో అన్నాడాయన." అతను నేలకేసి చూశాడు. "నువ్వు నిలదీశావనే చెప్పాను. అడక్కపోతే వచ్చేవాణ్ణి కాదన్నాను."

వచ్చేపోయే వాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, ఆమె అతని భుజానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.