గేటు తెరవని కనెక్షన్

“నలభై లారీలు. వాటిలో ఒకదాంట్లో, ఒక పెట్టెలో మీ బావ ఉన్నాడు. ఏ లారీయో మనకి తెలీదు,” అన్నాడు చీఫ్.

తొందర కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. డిపార్టుమెంటులో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. ఒకచోట కాలు నిలవని మనిషి. పైగా ఇప్పుడు పెట్టెలో ఉన్నది సొంత అక్క మొగుడు, ఇదే డిపార్టుమెంటులో అతనికి పని నేర్పిన ఏజెంటు.

“టైమ్?”

“పన్నెండుకి లారీలు బయల్దేరతాయి. ఇప్పుడు తొమ్మిదీ నలభై.”

“నలభైనీ ఆపేస్తే?”

“ఒక్క పోలీసు కనిపించినా మీ బావని ఎత్తుకెళ్ళిన విదేశీ ముఠా నాయకుడు ఫోన్‌లో ఒక నంబరు నొక్కుతాడు. పెట్టెలోకి గాలి ఆగిపోతుంది.”

చీఫ్ లారీలున్న యార్డు ఫోటో ముందుకు తోశాడు. పైకి కోల్డ్ స్టోరేజ్ కంపెనీ, లోపల ముఠా. మొన్న వాళ్ళ కంప్యూటరు కాలిపోయింది. కొత్తదాంట్లో లోడింగ్ లిస్టు తెరుచుకోవడం లేదు. గుమాస్తా మెకానిక్కుని పిలిచాడు. ఆ మెకానిక్కు పక్క గదిలో కాఫీ తాగుతున్నాడు, అతని యూనిఫారం బల్ల మీదుంది.

“లిస్టులో మీ బావ పేరుండదు. ‘గాజుసామాను’ అని ఉంటుంది. లారీ నంబరు పంపు. యార్డులో నలుగురు హమాలీలు మనవాళ్ళే. ఒక్క చిక్కుంది. గేటు కూడా ఆ లిస్టు చూసే తెరుచుకుంటుంది. నువ్వు బాగుచేస్తే గేటు తెరుచుకుని లారీలు వెళ్ళిపోతాయి. చెయ్యకపోతే పన్నెండుకి గేటు విరగ్గొట్టి మరీ పంపేస్తారు.”

“బాగుంది వరస,” అన్నాడు తొందర.

“అక్కడో మేనేజరు మేడమ్ ఉంది. మన దగ్గరా జీతం తీసుకుంటుంది, వాళ్ళ దగ్గరా తీసుకుంటుంది. ‘ఈ గదిలో గాలాడట్లేదు’ అను. ‘కిటికీ తీస్తే దుమ్మొస్తుంది’ అంటే మన మనిషి. అనకపోతే నీ జాగ్రత్త నీది.”

పదీ ఇరవైకి తొందర ఆ యూనిఫారంలో కోల్డ్ స్టోరేజ్ ఆఫీసులో ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు, దాని పిడిలో ట్రాన్స్‌మీటరు. ఎన్నిసార్లు నొక్కితే చీఫ్ చెవిలో అన్ని క్లిక్కులు.

ముఠా నాయకుణ్ణి అక్కడ అందరూ పొడుగాయన అంటారు. కిటికీ దగ్గర నిలబడి యార్డు చూస్తున్నాడు. ఎడమ చేతిలో ఫోను, బొటనవేలు దాని మీదే. మేడమ్ సోఫాలో ఉంది. ముదురు ఎరుపు చీర, నల్ల కళ్ళద్దాలు. అందగత్తే, కాదనలేం, కానీ ఆ అందాన్ని తీరిగ్గా చూసే టైమ్ ఎవడికుంది?

“ఈ గదిలో గాలాడట్లేదు,” అన్నాడు తొందర.

“ఏసీ ఉందిగా,” అంది మేడమ్.

అనాల్సిన మాట అది కాదు. ఏమీ ఎరగనట్టు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

గుమాస్తా పాపం అమాయకుడు. ఇక్కడ ముఠా ఉందనే తెలీదు. పాత మెకానిక్కు చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు, దాన్ని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. “మూడు రోజుల నుంచి ఇదే గోల సార్. నేను టెస్ట్ చేస్తే సక్సెస్ అంటుంది. ప్రోగ్రాము తెరిస్తే డేటా సోర్స్ దొరకలేదంటుంది. ఇది నన్నేడిపిస్తోంది.”

ప్రోగ్రామూ డేటాబేసూ నేరుగా మాట్లాడుకోవు. మధ్యలో దుబాసీ ఉండాలి. దాన్నే డ్రైవర్ అంటారు. ఏ దుబాసీ, ఎక్కడి డేటాబేసు అన్న వివరాలు ఓడీబీసీ అనే విండోలో ఒక పేరు పెట్టి రాసుకోవాలి, దాన్నే డేటా సోర్స్ అంటారు. గుమాస్తా అన్నీ రాశాడు. సర్వరు పేరు, పాస్‌వర్డు అన్నీ కరెక్టు. తొందర చెరిపేసి మళ్ళీ రాశాడు. టెస్టు సక్సెస్. ప్రోగ్రాము తెరిచాడు. దొరకలేదంది.

పదకొండు. కాలు ఆడిస్తుంటే బల్ల ఊగింది. అక్క పొద్దున్నే ఫోన్ చేసి “మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా, నువ్వేమన్నా మాట్లాడావా?” అనడిగింది. మీటింగులో ఉంటాడులే అన్నాడు.

పదకొండూ ఇరవై. ఇంకోసారి రాశాడు. ఇంకోసారి సక్సెస్. ఇంకోసారి దొరకలేదు. ఏం కంప్యూటర్లో, ఎవడు కనిపెట్టాడో.

“ఈ ప్రోగ్రాము ఎప్పటిది?” అనడిగాడు ఉన్నట్టుండి.

“నేను చేరకముందుదండీ. పదిహేనేళ్ళుంటాయి.”

తొందర తల కొట్టుకున్నాడు. ప్రోగ్రాము పాతకాలపు ముప్పైరెండు బిట్లది. కంప్యూటరు అరవైనాలుగుది. ఓడీబీసీ విండోలు రెండుంటాయి, కవలపిల్లల్లా అచ్చం ఒకేలా. గుమాస్తా, తనూ రాస్తున్నది అరవైనాలుగు విండోలో. పాత ప్రోగ్రాము చూసేది రెండోదాన్ని. అక్కడ ఒక్క అక్షరం లేదు. మూడు రోజులుగా ఒక ఇంటికి రాసిన ఉత్తరాలు ఇంకో ఇంట్లో పడుతున్నాయి.

రెండో విండో తీశాడు. పదకొండూ నలభై ఆరు. వేళ్ళు పరుగెత్తబోయి ఆగాయి. రెండు ట్యాబులు. సిస్టమ్‌లో రాస్తే ఈ కంప్యూటర్లో ఏ లాగిన్‌కైనా కనిపిస్తుంది. యూజర్‌లో రాస్తే ఈ లాగిన్‌కి మాత్రమే. గేటు నడిపే ప్రోగ్రాము ఇదే కంప్యూటర్లో వేరే లాగిన్ కింద నడుస్తోంది.

యూజర్ నొక్కాడు. వివరాలు రాశాడు. లిస్టు తెరుచుకుంది.

గాజుసామాను, లారీ ముప్పై ఒకటి. స్క్రూడ్రైవరు పిడి మూడుసార్లు నొక్కాడు, ఆగి ఒకసారి నొక్కాడు.

“వచ్చింది!” అని గుమాస్తా చంటిపిల్లాడిలా గంతేశాడు.

పొడుగాయన యార్డు వైపు చూశాడు. “గేటు తెరుచుకోలేదే?”

ఆయన భాషలో పలుకు తేడా ఉన్నా బెదిరింపు స్పష్టంగానే ఉంది. పదకొండూ యాభై ఏడు. హమాలీలు ముప్పై ఒకటో లారీని ఇంకా వెతుకుతున్నారు.

“కొంచెం టైమ్ పడుతుంది,” అన్నాడు తొందర.

గుమాస్తా నోటుబుక్కు తిరగేశాడు. “కాదు సార్, మీరు పొరపాటున యూజర్‌లో పెట్టారు. సిస్టమ్‌లోనే పెట్టాలని పాతాయన ఎర్రసిరాతో రాయించాడు. చూడండి.”

ఇంత శ్రద్ధ ఉన్న గుమాస్తా పగవాడికి కూడా ఉండకూడదు.

పొడుగాయన తొందర కళ్ళలోకి చూశాడు. ఆయనకి అంతా అర్థమైంది. బొటనవేలు కదిలింది. తొందర బల్ల మీంచి దూకాడు, అందలేదు. ఆయన నంబరు నొక్కేశాడు.

బావా అనుకున్నాడు తొందర. అంతకుమించి ఏమీ తోచలేదు.

ఫోను కలవలేదు. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

“కిటికీ తీస్తే దుమ్మొస్తుంది,” అంది మేడమ్ సోఫాలోంచే. పొడుగాయన ఫోన్లో ఉండాల్సిన సిమ్ ఆమె గోటి మీద ఉంది. “పొద్దున మీరు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు తీశాను. ఇంతసేపూ ఎటు తేల్చుకోవాలా అని ఆలోచిస్తున్నా.” రెండో చేతిలో చిన్న పిస్టలు, గురి పొడుగాయన మీద.

కింద యార్డులో లారీ తలుపు గొళ్ళెం విరిగిన చప్పుడు. హమాలీల కేకలు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. గేటు మూసే ఉంది.

అంబులెన్సులో బావ పెదాలు నీలంగా ఉన్నాయి. మాట రావడం లేదు. బావ తొందర చెయ్యి మాత్రం పట్టుకున్నాడు. తొందర ఏడ్చాడు, దాచుకోలేదు. ఆసుపత్రి వచ్చేదాకా ఒక్కసారి కూడా కదల్లేదు. అతన్నెరిగినవాళ్ళు నమ్మరుగానీ, నిజం.

చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. అన్నట్టు, నీకు కంప్యూటర్లు బాగా వచ్చని తెలిసింది. మన ఆఫీసులో ప్రింటరు పనిచెయ్యట్లేదు, ఒకసారి వచ్చి చూస్తావా?”

“మా బావ చెయ్యి వదలట్లేదు సార్.”

“వదిలాకే రా.”

వారమైంది. చీఫ్ ఇంకా చేత్తోనే రాసుకుంటున్నాడట.